సాక తాగిన నేల

నీళ్లు పోస్తే నేల చప్పుడు చేయకూడదు.

ఆ మధ్యాహ్నం చేసింది. సుయ్‌మంది. బండలాగుడు పట్టీకి పడమటి కొసన తండా పెద్దామె ద్వాళి బిందెతో వంచిన పసుపు నీళ్లు ఎర్రమట్టి మీద పడీ పడగానే మాయమయ్యాయి. "తల్లి సాక తాగింది!" అని ఎవరో కేక పెట్టారు. మైదానమంతా ఆ కేక అందుకుంది. డప్పులు రేగాయి.

జవహర్ కూడా ఆ చప్పుడు విన్నాడు. విని, మైకు చంకలో పెట్టుకుని, అందరితో పాటు చేతులు జోడించాడు.

ఏడాదంతా ఒక్క క్షణం ఏమరకుండా ఉన్న మనిషి ఏమరుపాటుగా ఉన్నది అప్పుడే.

* * *

కిందటి ఉగాది నాడు సూర్యాపేటలో ఉత్సవ కమిటీ అతనికి లైసెన్సు ఇచ్చింది. సూర్యాపేటలో పబ్లిక్ హాలు, కోదాడలో, మిర్యాలగూడలో వ్యవసాయ ప్రదర్శనలు. మూడూ కలిపి ఒకరికే. చాలా ఏళ్లుగా వాటిని నడిపింది టెంట్‌హౌస్ జనార్దన్. తొంభైలో కోదాడ ప్రదర్శనలో అతని పందిరి కూలి ఒక ముసలాయన కాలు విరిగింది. దాంతో కమిటీ జనార్దన్‌ని పక్కన పెట్టి, అతని దగ్గర పన్నెండేళ్లు మైకు పట్టిన జవహర్‌ని పిలిచింది.

కమిటీ పెద్ద రాజమౌళి సేటు. ధాన్యం వ్యాపారం. మాట ఒకటే.

"సూడు జవహర్. ఈ ఉగాది నుంచి వచ్చే ఉగాది దాకా. మూడు ఊర్లల్ల ఒక్క మనిషికి దెబ్బ తాకిందా, లైసెన్సు ఖతం. ఎవలికీ ఏం గాకుంట ఏడాది ఎల్లిందా, మల్ల ఐదేండ్లు నీదే."

"ఎవలికీ ఏం గానియ్య, సేటు."

"జనం తోని పని బిడ్డా. జర పైలం."

నిడమనూరు పక్కన ఉన్న తన తండా నుంచి జవహర్ ఇరవై మందిని తెచ్చుకున్నాడు. ఏటా దసరా వెళ్లగానే పెళ్లాం పిల్లలతో చెరుకు కొట్టడానికి వలస పోయేవాళ్లు వాళ్లు. ఆ ఏడు పోలేదు. గేట్లు కాశారు, కుర్చీలు వేశారు, పిల్లల్ని బడికి పంపారు. లైసెన్సు పోతే మళ్లీ మూటలు కట్టుకోవాల్సిందే. ఆ సంగతి జవహర్ భార్య శాంతాబాయి రోజూ గుర్తు చేసేది. గుర్తు చేయకపోయినా అతను మర్చిపోయేవాడు కాదు.

లైసెన్సు తీసుకుని బయటికి వస్తుంటే మెట్ల దగ్గర జనార్దన్ నిలబడి ఉన్నాడు.

"ఏం తమ్మీ, మైకు మోసెటోనివి కుర్సీ ఎక్కినవ్! మంచిగున్నది. కుర్సీకి నాలుగు కాళ్లుంటయ్. ఏది ఇరుగుతదో సూసుకుంట కూసో."

"నీ దగ్గర కిరాయికి తెచ్చిన కుర్సీ గాదన్నా. ఇరగదు."

జనార్దన్ నవ్వాడు. నవ్వు మూతి దాటి పైకి పోలేదు.

* * *

మొదటి గండం ఎండాకాలంలో సూర్యాపేట హాల్లో వచ్చింది. పెళ్లి. హాలు కిక్కిరిసి ఉంది. కరెంటు పోయింది. చీకట్లో ఎవరో "పాము!" అన్నారు.

ముందు తలుపు ఒక్కటే తెరిచి ఉంది. అందరూ ఒక్కసారిగా లేచారు. కుర్చీలు పడుతున్న చప్పుడు, పిల్లల ఏడుపు. జవహర్ బ్యాటరీ మైకు అందుకున్నాడు. అతని గొంతు పెద్దది కాలేదు. చిన్నదైంది, మెత్తబడింది.

"అక్కలారా, పెళ్లికొడుకు బరాతు ఎనక గేటు కాడ దిగింది. ఎదురుకోళ్ల పళ్లాలు పట్టుకోని ఆడపిల్లోళ్లు రావాలె. పెద్దముత్తైదువలు ముందుగాల. మెల్లగ. పళ్లెంల దీపం ఆరొద్దు."

తోపులాట ఆగింది. దీపం ఆరకూడదు కాబట్టి అందరూ మెల్లగా నడిచారు. హాలు వెనక గేటు నుంచి ఖాళీ అయింది. అక్కడ పెళ్లికొడుకు లేడు. అతనింకా జనగామ రోడ్డు మీదే ఉన్నాడు. ఆడపెళ్లివాళ్లు జవహర్‌ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. పాము కూడా లేదు. తెగిన వైరు ముక్క.

ఆ రోజు శాంతాబాయి అంది. "అందరు నీ మాట ఇని నిమ్మళమైన్రు. నాకైతే బుగులైంది."

"ఎందుకు?"

"పదేండ్ల సంది సూస్తున్న. నీ గొంతు గంత మెత్తగ ఎప్పుడు కాలే. నువ్వు మెత్తగ మాట్లాడినవంటే నెత్తి మీదికి ఏదో వచ్చిందన్నట్టు."

రెండోది కోదాడలో, దీపావళి వెళ్లాక. రంగులరాట్నం పెద్ద చక్రంలో ఒక బోల్టు అరిగిపోయి కనిపించింది. ఖమ్మం నుంచి కొత్తది వచ్చేదాకా చక్రం తిప్పనని జవహర్ భీష్మించాడు. పొద్దున్నుంచి వరసలో నిలబడ్డ జనం గొడవకు దిగారు. కోదాడ రైతు ఒకాయన తలపాగా తీసి మరీ అడిగాడు.

"ఏవండీ మేనేజరు గారూ, పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారండీ. ఆ చక్రం తిప్పితే మీకేం నొప్పండీ?"

"బోల్టు పోయింది బాబాయ్. తిప్పితే నొప్పి నాకు గాదు, మీకు."

సాయంత్రం బోల్టు వచ్చింది. చక్రం తిరిగింది. జనంలో నిలబడి చూస్తున్న జనార్దన్ జవహర్ పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "ఇంక మిర్యాలగూడ ఉన్నది తమ్మీ. తొందర పడకు."

* * *

మిర్యాలగూడ మైదానంతో చిక్కేమిటంటే, అది పల్లం. వానాకాలంలో పైన కాలువ నుంచి పారిన నీళ్లన్నీ అక్కడే నిలుస్తాయి. పడమటి వైపు పాత ఇటుకబట్టీ వాళ్లు మట్టి తవ్వుకున్న గుంత ఒకటి, రెండు నిలువుల లోతున ఉంది. ప్రదర్శన పెట్టాలంటే ముందు దాన్ని పూడ్చాలి.

రైసుమిల్లు యజమాని కైలాసం నవ్వేశాడు. "గింతదానికి పరేషానెందుకు? మా బాయిలర్ బూడిద తీస్కపో. నాకు జాగ ఖాళీ అయితది, నీకు గుంత నిండుతది."

అందులో వింతేం లేదు. మిర్యాలగూడలో ఇంటి పునాదికీ, వీధి గుంతకీ అందరూ ఊక బూడిదే పోస్తారు. కాకపోతే మిల్లు వెనక కుప్ప పోసి, ఒక వానాకాలం తడిసి చల్లారాక ఎత్తుతారు. ఆ ఏడు పంట విరగపండింది. బాయిలర్లు ఆగలేదు. మిల్లు వెనక జాగా లేదు. బూడిద బాయిలర్ నుంచి ట్రాక్టర్లోకి, ట్రాక్టర్ నుంచి తిన్నగా గుంతలోకి వచ్చింది. పైన నీళ్లు చల్లారు. ఎర్ర మొరం పరిచారు. రోలర్ తిప్పారు. జవహర్ స్వయంగా చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది.

పైన చల్లగానే ఉంటుంది. ఊక బూడిదకు మంట లేదు, పొగ లేదు. సగం కాలిన ఊక లోలోపల కుములుతూ పోతుంది. కుమిలిన మేర కింద బోలుగా మారుతుంది. ఎన్నో వానాకాలాలు కుప్పలను చల్లార్చడంతో ఆ ఊళ్లో ఎవరికీ ఆ సంగతి పట్టించుకోవలసిన పని పడలేదు.

ఆ గుంత మీద, పడమటి కొసన, ఆడవాళ్ల గ్యాలరీ వేశారు. మధ్యాహ్నం ఎండ వీపున పడుతుంది, కళ్లలో కొట్టదు. అందుకని ఆడవాళ్లకు మంచి చోటు అదే. నిలువుగా పాతడానికి అన్ని సర్వి కట్టెలు, కూర్చోవడానికి అన్ని పలకలు ఉన్న టెంట్‌హౌస్ చుట్టుపక్కల జనార్దన్‌దొక్కటే. గ్యాలరీ పని అతనికే పోయింది.

ప్రదర్శన చివరి రోజు బండలాగుడు. హుజూర్‌నగర్, వాడపల్లి వైపు నుంచి గిత్తల జతలు లారీల్లో దిగాయి. మొదటి జత జవహర్ బాబాయి బిచ్చాది. కాడి కట్టి, గొలుసు బండకు తగిలించి, బిచ్చా మీసం మెలేస్తున్నాడు. గిత్తలు బండను తూర్పు నుంచి పడమటి కొస దాకా లాగి, గ్యాలరీ ముందర తిప్పుకుని, మళ్లీ తూర్పుకు రావాలి.

దానికి ముందు రెండు కొసలా సాక పోయాలి. అది ఆచారం. పసుపు, వేపాకు, బెల్లం కలిపిన నీళ్లు. బిచ్చా భార్య ద్వాళి తండాలో పెద్దది. ఆమే పోసింది. తూర్పు కొసన మట్టి మామూలుగా తడిసింది. పడమటి కొసన సుయ్‌మంది.

* * *

డప్పులు ఆగలేదు. గ్యాలరీలో ఇద్దరు ముగ్గురికి పూనకం వచ్చింది. సాక పోసిన చోటు మట్టి తీసి బొట్టు పెట్టుకోవడం కూడా ఆచారమే. జవహర్ చెప్పులు విడిచి వెళ్లి వంగాడు.

మట్టి తడిగా లేదు. బిందెడు నీళ్లు పోసిన చోట ఒట్టి పొడి. పైగా వేలు చుర్రుమంది.

అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. కళ్లు మాత్రం పక్కకు తిరిగాయి. గ్యాలరీ మొదటి సర్వి కట్టె మొదట్లో మొరం సన్నగా నెర్రె విచ్చి ఉంది. నెర్రె మీద అరచెయ్యి పెట్టాడు. పొయ్యి నోట్లో పెట్టినట్టుంది. కట్టెను మెల్లగా కదిపాడు. కదిలింది. మట్టిలోంచి పైకి జరిగిన కాస్త మేరా నల్లగా, కాలిన బొగ్గులా ఉంది.

తల ఎత్తాడు. పైన వరసల వరసల ఆడవాళ్లు. చంకల్లో పిల్లలు. పై వరసలో, వాళ్లను కుదురుగా కూర్చోబెడుతూ శాంతాబాయి. ఆమె పక్కన కూతురు బుజ్జి.

దిగడానికి మెట్లు ఒక్కచోటే.

"ఏం తమ్మీ, బొట్టు పెట్టుకుంటలేవ్?"

జనార్దన్. ఎప్పుడు వచ్చాడో వెనకాలే నిలబడ్డాడు. జవహర్ అతని మొహం చూశాడు. పొద్దున్న జరిగింది ఒకటి గుర్తొచ్చింది. పెద్దమనుషుల సోఫాలు మొదట ఈ గ్యాలరీ ముందరే వేశారు. ఎండ కొడుతుందని జనార్దన్ వాటిని దగ్గరుండి తూర్పు కొసకు మార్పించాడు.

"అన్నా, సోఫాలు ఎందుకు మార్పించినవ్?"

"చెప్తి గద. ఎండ."

"ఆడ కూసుంటే ఎండ మొకం మీద కొడతది. ఈడనే నీడ."

జనార్దన్ చూపు కట్టె మొదట్లో నెర్రె మీదికి పోయింది.

"కట్టెలు పాతినోళ్లు నీకేం చెప్పిన్రు?"

"గడ్డపార ఏడెక్కుతున్నదన్నరు. గంతే." జనార్దన్ గొంతు తగ్గింది. "తిరిగెటప్పుడు బండ జర కూరుకుంటది, జనం నవ్వుతరు, కమిటీ నిన్ను గుంజి పడేస్తది అనుకున్న. మనుషులకు ఏం గావాలని నేననుకోలే. ఒట్టు."

"బండ ఒక్కటే గాదన్నా. గ్యాలరీ సగం గుంత మీదనే ఉన్నది. కింద బోలు. కట్టెలు కాలుతున్నయ్."

"సగమా?" జనార్దన్ వెనక్కి తిరిగి తూర్పు వైపు చూశాడు. "మా ఇంటామె ఆడ నా సోఫాల..."

సోఫాలో అతని తువ్వాల ఉంది. మనిషి లేదు.

ఇద్దరూ ఒకేసారి పైకి చూశారు. పై వరసలో, శాంతాబాయికి అవతల, ఆకుపచ్చ పట్టుచీర. జనార్దన్ భార్య కృష్ణకుమారి పల్లీలు ఒలుచుకుంటూ పక్కామెతో నవ్వుతోంది. ఎండ భరించలేక నీడకు వచ్చేసినట్టుంది.

జనార్దన్ నోరు తెరిచాడు. అరుపు బయటికి రాకముందే జవహర్ చెయ్యి ఆ నోటిని మూసేసింది.

"అరవకు! అరిస్తే అందరు ఒక్కపారి ఉరుకుతరు. గీ కట్టెలు ఊగితే నేల పగులుతది. అందరు నిప్పులల్ల పడతరు. నీ ఇంటామె అందరికన్న పైనున్నది, దిగుట్ల ఎనకైతది. నిలబడు. నవ్వుకుంట నిలబడు."

జనార్దన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల ఊపాడు. జవహర్ చెయ్యి తీశాడు.

అటు తూర్పున బిచ్చా గిత్తల వీపు తట్టాడు. జెండా ఊపేవాడు జెండా పైకెత్తాడు. జెండా కిందికి దిగితే బండ ఇటే వస్తుంది.

జవహర్ పరుగెత్తలేదు. పరుగెత్తితే జనం చూస్తారు. బిందె చంకన పెట్టుకుని పోతున్న ద్వాళిని నాలుగు అంగల్లో అందుకుని, లంబాడీలో, పెదవులు కదిలీ కదలకుండా చెప్పాడు.

"కాకీ, సాక తాగింది తల్లి గాదు. కింద బూడిద కాలుతున్నది. గ్యాలరీ కూలుతది. ఆడోళ్లను ఉరకనీయకుంట దింపాలె. నువ్వు తూర్పు కొసకు పోయి బొట్లు పెట్టు."

ద్వాళి అడుగు ఆగింది. ఇప్పటిదాకా వేలమంది ఆమెకు దండం పెట్టారు. ఆ వెలుగు ఇంకా మొహం మీద ఉంది.

"నేను పోసిన సాక తల్లికి ముట్టలేదంటవా?"

"కాకీ..."

"సరే. ముట్టిందో లేదో అటెన్క అడుగుత. ఆడోళ్లు పైనున్నరు. మైకు పట్టు."

ఆమె తూర్పుకు నడిచింది. మామూలుగా నడిచినదానికన్నా గొప్పగా నడిచింది.

జవహర్ మైకు మీట నొక్కాడు.

"అమ్మలారా, అక్కలారా." గొంతు మెత్తగా ఉంది. "తల్లి సాక తాగింది. గిది మన అదృష్టం. తల్లి కూసున్న జాగల గిత్త తొక్కరాదు, బండ తిరగరాదు. జెండ ఊపకు తమ్మీ, పక్కకు వాల్చు. డప్పులు ఆపున్రి."

డప్పులు ఆగాయి. జెండా పక్కకు వాలింది. పై వరసలో శాంతాబాయి బుజ్జిని దగ్గరికి లాక్కుని నిటారుగా కూర్చుంది. మొగుడి గొంతు ఆమె చెవిన పడింది.

"ద్వాళి కాకి తూర్పు కొసన పసుపు బొట్టు పెడతది. ఆడబిడ్డలు ఒక్కొక్కలు పోవాలె. కింది వరస ముందుగాల. పై వరస ఆఖరుకు. చెప్పులు చేతుల పట్టుకోవాలె. తోసుకుంటే తల్లికి కోపం వస్తది. పిల్లలను సంకనెత్తుకోన్రి. తల్లి ముందట అడుగు సప్పుడు రావద్దు."

కింది వరస లేచింది. చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకరి వెనక ఒకరు దిగారు. అడుగు చప్పుడు రావద్దన్నాడు కాబట్టి పలకల మీద పాదాలు ఆనీ ఆననట్టు వేశారు.

తూర్పు నుంచి బిచ్చా ఊగిపోతూ వచ్చాడు. "ఏందిర జవ్వారు? ఒక్క అడుగు లాగకుంట కాడి ఇప్పమంటవా? నా గిత్తలకు నెలరోజుల సంది ఉలవలు పెట్టిన! తల్లి సాక తాగితే గిత్తలు ఏం పాపం జేసినయ్ ర?"

"కాకా, ఇప్పేయ్."

"ఎందుకిప్పాలె?"

"కాకి ఇప్పమన్నది."

బిచ్చా తూర్పు వైపు చూశాడు. ద్వాళి అక్కడి నుంచే అతన్ని ఒక్క చూపు చూసింది. ఆయన గొణుక్కుంటూ వెనక్కి పోయి కాడి విప్పాడు.

రెండో వరస. మూడో వరస. పక్కన జనార్దన్ నవ్వుతూ నిలబడ్డాడు. నవ్వమన్నారని నవ్వుతున్న మొహం మీద చెమట కారుతోంది. కాళ్ల కింద ఏదో టప్‌మంది. మూల కట్టె బెత్తెడు కిందికి జారింది. పలకలు కిర్రుమన్నాయి. పైన ఒకామె "అయ్యో, ఊగుతున్నదే!" అంది.

"ఊగుతది అక్కా," జవహర్ మైకులో ఇంకా మెత్తగా అన్నాడు. "పూనకం వచ్చినోళ్లు దిగుతున్నరు గద. నువ్వు కదలకు, నీ వరస వచ్చినంక రా."

శాంతాబాయి బుజ్జిని ముందామెకు అందించింది. తాను దిగలేదు. పై వరసలో ఒక్కొక్కరి భుజం తట్టి పంపింది. చివరికి ఆమె, కృష్ణకుమారి మిగిలారు. కృష్ణకుమారి వంగి పలకల సందులో చెయ్యి పెట్టి వెతుకుతోంది.

"నా చెప్పు పడ్డది. ఒక్కటే పట్టుకోని ఎట్ల పోవాలె? కొత్తయి."

జనార్దన్ గొంతులోంచి కూత లాంటిది వచ్చింది. జవహర్ అతని మణికట్టు బిగించి పట్టుకున్నాడు.

"వదినా," శాంతాబాయి కృష్ణకుమారి మోచెయ్యి పట్టుకుంది. "ఆ ఒక్క చెప్పు తల్లికియ్యి. మీ ఆయన జతకు జత కొనిస్తడు. సూడు, కింద నిలబడి ఎట్ల నవ్వుతున్నడో."

"ఆయన నవ్వుడా!" అంటూ కృష్ణకుమారి తల ఎత్తి మొగుణ్ణి చూసింది. నిజంగానే నవ్వుతున్నాడు. ఆ వింతకు లేచింది. దిగింది. శాంతాబాయి చివరి మెట్టు దిగి నేల మీద అడుగు పెట్టి, ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి తూర్పుకు నడిపించింది. కాస్త ఎడంగా జవహర్ జనార్దన్‌ని పట్టుకుని వాళ్ల వెనకే నడిచాడు.

వాళ్లు పట్టీ సగం కూడా దాటలేదు.

ముందు చప్పుడేం రాలేదు. గ్యాలరీ వెనక భాగం కూర్చున్నట్టు మెల్లగా కిందికి దిగింది. తర్వాత కట్టెలు ఫెళఫెళ విరిగాయి. మొరం పెచ్చులుగా లోపలికి కూలింది. కింద నుంచి బూడిద పొగలా లేచి, దాని కింద, పట్టపగలు కూడా కళ్లు చెదిరేలా ఎర్రటి నిప్పుల గుండం కనిపించింది. పలకలు భగ్గున అంటుకున్నాయి.

మైదానం మైదానం మోకాళ్ల మీద కూలబడి "తల్లీ!" అంది.

జనార్దన్ మాత్రం కృష్ణకుమారి వైపు పరుగెత్తాడు.

* * *

మర్నాటి నుంచి ఆ గుంత దగ్గరికి జనం రావడం మొదలైంది. కొబ్బరికాయలు, బోనాలు. జవహర్ మనుషులు చుట్టూ తాళ్లు కట్టి రాత్రింబవళ్లు కాపలా కాశారు. అయినా ఒకామె తాడు కింద నుంచి దూరి పోబోయింది. వెనక్కి లాగేసరికి వాళ్లకు చెమటలు పట్టాయి. ఉగాది సాయంత్రం గుంత అంచున గద్దె కట్టి రాయి నిలపాలని పెద్దలు తీర్మానించారు. ట్యాంకరు తెచ్చి నీళ్లు కొట్టిద్దామని జవహర్ రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ అడ్డం పడ్డారు. "మోరీలు కడిగే ట్యాంకరు నీళ్లు తల్లి మీదనా?"

ఉగాది పొద్దున్న సూర్యాపేటలో కమిటీ కూర్చుంది. ఐదేళ్ల లైసెన్సు సిద్ధంగా ఉంది. రాజమౌళి సేటు కలం తీశాడు.

"ఏడాది ఎల్లింది. ఎవలికీ దెబ్బ తాకలే. మాటంటే మాటే. కాకపోతే ఒక్కటి చెప్పు జవహర్. ఆడ కింద ఏమున్నది?"

ఊరుకుంటే సంతకం అయిపోతుంది. ఆ సాయంత్రం గద్దె దగ్గర నేల విరిగితే అది వచ్చే ఏడాది లెక్క. జవహర్ గోడ పక్కన నిలబడ్డ తన మనుషుల వైపు చూశాడు. చెరుకు కత్తులు వాళ్ల ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి.

"బూడిద, సేటు. చల్లారక ముందే పోపిచ్చిన. నేనే పోపిచ్చిన. గిప్పటికీ కాలుతున్నది. ఇయ్యాల మాపటికి ఆడ వెయ్యిమంది నిలబడతరు."

వెనక వరసలోంచి జనార్దన్ లేచాడు.

"నేల కాలుతున్నదని నాకు ముందుగాల్నే తెలుసు, సేటు. తెలిసీ చెప్పలే. అది సుత రాసుకోన్రి."

రాజమౌళి ఇద్దరినీ చూసి కలానికి మూత పెట్టాడు. "పొద్దు గూకెదాకా ఈ ఏడాదే. గా నిప్పు ఆర్పు. అప్పటిదాకా ఎవలికన్న ఏమన్న అయిందా, ఇగ నా మొకం సూడకు."

జీపులో మిర్యాలగూడ చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. జనం అప్పటికే వస్తున్నారు. జవహర్ నిజం చెబుదామనే మైకు పట్టుకున్నాడు.

"అన్నలారా, కింద ఉన్నది మిల్లు బూడిద..."

"తల్లిని బూడిదంటవా?" ఒక రాయి వచ్చి మైకు గొట్టానికి తగిలింది. పక్కనుంచి ద్వాళి మైకు లాక్కుంది. బతుకులో మొదటిసారి మైకు పట్టుకుంది. అందుకే గట్టిగా అరిచింది.

"తల్లికి దూప తీరలే! ఒక్క బిందె తాగి ఊకుంటదా? ఇంటికొక బిందె తేన్రి! కాలువ నీళ్లు తేన్రి! దూప తీరినంకనే గద్దె!"

జవహర్ ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

అతని మనుషులు దూరం నుంచి గుంత దాకా గాడి తవ్వారు. తాడు ఇవతల నిలబడి గాడిలో పోస్తే చాలు, నీళ్లు వాటంతటవే పోతాయి. కాలువ గట్టు నుంచి మైదానం దాకా ఆడవాళ్లు, మగవాళ్లు, బడి పిల్లలు. బిందెలు, బకెట్లు, పాల క్యాన్లు. పోసిన ప్రతి బిందెకూ గుంత బుస కొట్టింది. తెల్లటి ఆవిరి లేచింది. ఆవిరి లేచినప్పుడల్లా జనం దండం పెట్టి మళ్లీ కాలువకు పోయారు. బిచ్చా గిత్తలకు కాడి కట్టి, బండకు బదులు డ్రమ్ముల బండి లాగించాడు. కైలాసం మిల్లు మోటారుకు పైపు తగిలించాడు. జనార్దన్ భుజాన బిందె, వెనకాల కొత్త చెప్పులు వేసుకుని కృష్ణకుమారి.

సూర్యుడు మిల్లు పొగగొట్టం వెనక్కి దిగుతుండగా గాడిలో నీళ్లు ఆగాయి. గుంత తాగలేదు. నీళ్లు నిండి, అంచు దాకా వచ్చి, కదలకుండా నిలబడ్డాయి. చప్పుడు లేదు. ఆవిరి లేదు.

రాజమౌళి సేటు జీపు దిగి, చెప్పులు విడిచి, తాడు దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

"కాకీ," అన్నాడు జవహర్ ద్వాళి పక్కకు వచ్చి. "ఆ రోజు ఒకటి అడుగుతనన్నవ్."

"ఇంక అడుగుడేంది?" ద్వాళి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆడోళ్లందరు దిగిన్రు. సాక ముట్టింది."

శాంతాబాయి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "ఐదేండ్లంట గద. ఏమన్న మాట్లాడు. గట్టిగ మాట్లాడు. మెత్తగ మాట్లాడితే నేను గిప్పుడే ఉరుకుత."

జవహర్ వంగి గాడి అంచున మట్టి తీశాడు. తడిగా, చల్లగా ఉంది. వేళ్ల మధ్య నలిపి, ఇంకోసారి నలిపి చూసి, అప్పుడు బొట్టు పెట్టుకున్నాడు.